గంజి బట్ట మీద ముఖం

మచ్చలు తప్ప అంతా అయిపోయింది. నుదురు అయింది, కనుబొమలు అయినాయి, ముక్కు, మీసం, కళ్ళజోడు, చొక్కా కాలరు, ఆ కాలరు అంచున దారం లేచిన చోటు, అన్నీ అయినాయి, మచ్చలే మిగిలాయి, అవి పెట్టడానికి ఎంతసేపు, ముదురు రంగు కాస్త, లేత రంగు కాస్త, కుంచె మొనతో ఒక నీడ, పక్కన ఒక మెరుపు, గుంట తేలుతుంది, సీతాఫలం మీద కళ్ళు ఎట్లా దించాలో బడిలో పిల్లలకు నేర్పేవాణ్ణి, నాకు తెలియని పనా, అయినా పొద్దటి నుంచి కుంచె పట్టుకొని నిలబడే ఉన్నాను. కిటికీ ఊచకు కట్టిన గడ్డం గీసుకునే అద్దంలో ముఖం సగమే పడుతుంది, వంగితే నుదురు, మునివేళ్ళ మీద లేస్తే గడ్డం, అద్దానికీ నాకూ మధ్య ఈ చెక్క స్టాండు, దాని మీద ఈ బట్ట, బట్ట మీద నేను. ఒంటిగంట బస్సు అందుకోవాలి. రిక్షా దుర్గయ్య వస్తానన్నాడు. పట్నంలో చిత్రకారుల సంఘం వాళ్ళు కార్డు రాశారు, ఎవరి ముఖం వారు వేసి తేవాలట, ఈ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు హాలు తలుపులు మూసేస్తారట, రేపు గోడలకెక్కిస్తారట. కాలేజీ విడిచాక నన్ను ఒక బొమ్మ అడిగినవాడు లేడు. ఇన్‌స్పెక్టర్ వస్తే బోర్డు మీద మామిడికాయ గీయమని హెడ్మాస్టరు అడుగుతాడు, అది అడగడం కాదు. నల్లగొండ బజారులో దుకాణాల బోర్డులు రాసే బక్కయ్యకున్న పేరు నాకు లేదు. పిల్లలు పెట్టిన పేరు మాత్రం ఉంది, సీతాఫలం సారు. వెనక వరుసలో ఎవడో అన్నాడు, నేను వినలేదనుకున్నాడు, నాకు కోపం రాలేదు, పోలిక కుదిరింది కదా అనుకున్నాను, చూసే కన్ను ఉన్నవాడే, వాడికి డ్రాయింగులో ఎక్కువ మార్కులు వేశాను.

ముఖం వేయడం ఇది రెండోసారి. మొదటిది డిప్లొమా పరీక్షకు. అప్పుడూ అద్దమే, అప్పుడూ నేనే, కాని కుంచె బుగ్గ మీదికి వచ్చేసరికి దానంతట అదే నున్నగా నడిచింది, మచ్చ ఉన్నచోట మచ్చ లేదు, పాలమీగడలా వచ్చింది చర్మం. మా గురువు గారు పక్కన నిలబడి చాలాసేపు చూసి, "బాగుంది ఎల్లస్వామీ, నీకంటే బాగుంది" అన్నారు. మెచ్చుకున్నారో పొడిచారో ఇప్పటికీ తెలియదు. బొమ్మలు గోడకు పెట్టిన రోజు, పట్టుచీర కట్టుకున్న పెద్దింటి ఆవిడ ఒకరు దాని ముందు ఆగి, పక్కనే ఉన్న నా వైపు తిరిగి, ఈ పిల్లవాడు ఎక్కడున్నాడో కాస్త పిలుస్తావా బాబూ అని అడిగింది. పిలుచుకొస్తానని చెప్పి బయటికి పోయాను. గేటు దాకా పోయాను, గేటు దాటి ట్యాంకుబండు దాకా పోయాను, నీళ్ళ మీద ఎండ, ఎవరిని పిలుచుకు రావాలి, ఎక్కడున్నాడు వాడు. ఆ బొమ్మను తరవాత ఎవరు తీసుకుపోయారో అడగలేదు. అందుకే ఈసారి మచ్చలతో సహా వేయాలని, పట్నం గోడ మీద నేను నేనుగా వేలాడాలని, ఆ ముందు నిలబడ్డవాడు పక్కకు తిరిగి చూస్తే నన్ను పోల్చుకోవాలని, అంతే, ఇంకేం లేదు.

పొద్దున ఇంటి ఓనరు నర్సింగమ్మ గది ఊడ్వడానికి వచ్చి, చీపురు చంకన పెట్టుకొని బొమ్మ ముందు నిలబడ్డది. ఆమెకు మాట దాచుకోవడం తెలియదు. కొడుకు నాగార్జునసాగర్ కట్ట మీద పనిలో ఉన్నాడు, ఇంట్లో మాట్లాడేవాళ్ళు లేరు, కిరాయికి ఉన్న నేనే ఆమెకు దొరికిన చెవి.

"గిది మీరేనా సారూ?"

"ఎట్లుంది?"

"మీలెక్కనే ఉంది. ఉండి గూడ మీరు గాదు. మీ తమ్ముడో, మీ పాలోడో అన్నట్టున్నది. ఏడనో మర్రవడ్డది."

"మచ్చలు ఇంక పెట్టలే."

"మచ్చల మాట గాదు. మచ్చలు నా కండ్లకు ఎప్పుడో ఆనుతలేవు. గీ దిక్కుది గా దిక్కు వోయినట్టున్నది," అని చీపురుతో తన రెండు బుగ్గలూ చూపించి, "నాకేం ఎరుక, సదువుకున్నోళ్ళు మీరు" అంటూ ఊడ్చుకుంటూ పోయింది. ఆమె చెప్పింది నిజమే. అద్దం కుడిని ఎడమ చేస్తుంది. లోకం చూసే ముఖం ఒకటి, నేను చూసుకునే ముఖం ఒకటి, పుట్టిన దగ్గర్నుంచి నా ముఖాన్ని నేను తిరగేసే చూస్తున్నాను, ప్రతివాడూ అంతే, ఎవడికీ తన ముఖం తెలియదు, ఎదుటివాళ్ళు చూసి చెప్తే తెలియాలి. మరి చూసేవాళ్ళు లేనివాడి సంగతి.

బట్ట బిగుతు కాస్త సడలింది, వేలితో తడితే డప్పులా మోగడం లేదు. ఇది మా బాపు మగ్గం మీద నేసిన ముతక బట్ట. నల్లగొండలో కాన్వాసు దొరకదు, పట్నం పోయి తెచ్చుకుందామంటే బడికి సెలవు లేదు, పెట్టె అడుగున ఈ బట్ట ఉంది, చట్రానికి బిగించాను. కాలేజీలో నేర్పింది, సరేసు జిగురు కాచి పూయాలి, ఆరినాక సఫేదా తెల్ల పూత వేయాలి, ఆ పూత మీదనే రంగు, అప్పుడే నూనె బట్టలోకి దిగకుండా పైననే నిలుస్తుంది. నేనేం చేశాను, పొయ్యి మీద గంజి కాచాను. చేతులు వాటంతట అవి కాచాయి. మా ఇంట్లో దారానికి తిండి అంటే గంజే, తెల్లారకముందే వీధి పొడుగునా పడుగు దారాలు సాగదీసి, బాపు ఒక పక్క, అమ్మ ఒక పక్క, గంజిలో ముంచిన పెద్ద కుంచెతో దువ్వుకుంటూ వస్తారు, గంజిలో నాలుగు చుక్కల నూనె, ఎండ ఎక్కకముందే పని అయిపోవాలి, ఆ పచ్చి గంజి వాసనతోనే నాకు తెల్లవారడం తెలుసు. సాలోడి కొడుకు చేతికి బట్ట దొరికితే గంజి పెట్టక ఏం చేస్తుంది. పెట్టి, దువ్వి, వాకిట్లో ఆరేసి, ఫెళఫెళలాడుతుంటే మురిసి, తెల్ల పూత మాటే మరచిపోయాను. మొదటి పూత మట్టిరంగు, టర్పెంటైనులో నీళ్ళలా పలచన చేసి ముఖం మొత్తం దించాను, బట్ట గటగటా తాగేసింది. అప్పుడు తెలిసింది. అప్పటికి అయిపోయింది. ఆ పైన రంగు ముద్దగా వేసుకుంటూ వచ్చాను, మీసమూ కళ్ళజోడూ అయితే దాదాపు గోడకు సున్నం మెత్తినట్టే మెత్తాను.

అద్దంలో ఎడమ కన్ను కింద ఒక మచ్చ, పెద్దది, అందులో పెసరగింజ కూర్చుంటుంది. అక్కడి నుంచి మొదలుపెడదామా. అమ్మోరు కూడా అక్కడి నుంచే మొదలుపెట్టిందేమో. నా చిన్నప్పుడు, వేపమండల మీద పడుకోబెట్టారు, తాలింపు వాసన లేదు, మగ్గం చప్పుడు లేదు, మా ఇంట్లో మగ్గం ఆగడం అంతకుముందు నేను ఎరగను, చెవుల్లో ఏదో తగ్గిపోయినట్టు ఉండేది. అక్క ఒక మూలన, నేను ఒక మూలన. అక్క పేరు రాజమణి, కాని ఆ రోజుల్లో ఎవరికీ పేరు లేదు, అమ్మోరు తల్లి ఇంట్లోకి వచ్చినప్పుడు పిల్లలను పేరు పెట్టి పిలవరు, పిలిస్తే తల్లికి కోపం, ఒంటి మీద ఉన్నది ఆమె కనుక పిలుపూ ఆమెదే. నా కళ్ళు మూసుకుపోయాయి, వినడమే మిగిలింది. ఆ మూలన అమ్మ గొంతు, తల్లీ, ఇన్ని నీళ్ళు తాగు. ఈ మూలన అమ్మ గొంతు, తల్లీ, చేతులు కదపకు. ఆ తల్లి అక్క, ఈ తల్లి నేను, ఒక్కోసారి నిద్రలో ఏ మూలన ఉన్నది నేనో తెలిసేది కాదు, నీళ్ళు తాగమన్నది నన్నేనేమో అని నోరు తెరిచేవాణ్ణి. తరవాత ఆ మూలన మాట ఆగిపోయింది. పిలుపులన్నీ నా మూలకే వచ్చాయి. అమ్మ నా దగ్గరే ఉంటున్నదని లోపల సంబరపడ్డాను. ఎవరూ ఏడ్వలేదు, తల్లి ఇంట్లో ఉండగా ఏడ్వకూడదు, ఏడుపు వినిపిస్తే తెలిసేది, వినిపించలేదు కనుక అక్క నిద్రపోతున్నదనుకున్నాను.

రెప్పలు విడిచిన రోజు అమ్మ నన్ను చూసింది. దగ్గరికి వంగి, నిండుగా చూసింది. చేతిలోని చెంబు అట్లాగే కింద పెట్టి బయటికి పోయింది. అంతే. మళ్ళీ ఆ చూపు లేదు. అన్నం పెడుతూ పళ్ళెం చూస్తుంది, తల దువ్వుతూ వెనక నిలబడుతుంది, పట్నం చదువుకు పోతుంటే బస్సు దగ్గర నా చొక్కా గుండీ పట్టుకొని గుండీతో మాట్లాడింది, పైలం బిడ్డా అని, గుండీ మంచిదే, ఊడిపోలేదు. అద్దం ఏదమ్మా అని ఎన్నోసార్లు అడిగాను. జొన్నల గుమ్మిలో దాచిందని తరవాత తెలిసింది. నా ముఖం నేను మొదట చూసుకున్నది రంగు కాగులో, బాపు నల్లరంగు కలిపి చల్లార్చిన కాగులోకి వంగితే అడుగున ఎవరో ఉన్నారు, నల్లగా, నున్నగా, మచ్చలు లేకుండా, నేను బాగనే ఉన్న కదా అనుకున్నాను, మరి అమ్మ ఎందుకు చూడదు. బడికి పోయాక పిల్లలు చెప్పారు ఎందుకు చూడదో. మాసిపోయిన ముఖాన్ని ఏ తల్లి చూస్తుంది, చూస్తే కడుపు తరుక్కుపోదా, అట్లా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను, ఇంత కాలం ఆ సర్దుబాటు మీదనే బతికాను. హాలియాలో పిల్లను చూడబోతే వాళ్ళ ముసలమ్మ నా గడ్డం పట్టుకొని వెలుతురుకు తిప్పి, "పిలగాడు మంచోడే, అమ్మోరే జర గట్టిగ చేతులేసింది" అన్నది, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, ఆ ముసలమ్మ మీద నాకు ఇప్పటికీ ప్రేమే, వేళ్ళతో పట్టుకొని చూసింది కదా, చూసింది. ఆ సంబంధం కుదరలేదు. మళ్ళీ వెతకమని నేను అడగలేదు.

సరే, పెట్టాలి. ముదురు రంగు కుంచె మొనకు ఎత్తాను. కన్ను కింద. సీతాఫలం, ఉత్త సీతాఫలం అనుకో. బయట వాకిట్లో నర్సింగమ్మ ఎండబెట్టిన మిరపకాయలు తిరగదోస్తున్నది, ఘాటు గదిలోకి వస్తున్నది, ఎండ నిట్టనిలువుగా ఉంది, ఎక్కడో రోడ్డు మీద మైలురాళ్ళు పీకి కిలోమీటరు రాళ్ళు పాతేవాళ్ళ గడ్డపారల చప్పుడు, ఊరు ఎంత దూరమో ఇక ముందు కొత్త లెక్కలో తెలుసుకోవాలి. మిరపకాయల గలగల ఆగింది. కిటికీ దగ్గర నీడ పడింది. నాకు బట్ట అడ్డం, ఆమె కనిపించదు, గొంతే వినిపిస్తున్నది.

"ఓ సారూ! ఎవరు సారూ గీ పిల్ల?"

"ఏ పిల్ల?"

"ఎంత సక్కగున్నది! మీ తోడవుట్టిందా? మీ పోలికలే, గుంజి పెట్టినట్టున్నయి. గిన్ని దినాలసంది మా ఇంట్ల ఉంటిరి, అక్కున్నదని ఒక్కనాడన్న చెప్పకపోతిరి. పొద్దుగాల సూసిన బొమ్మ కన్న గిదే బాగున్నది. గిదే తీస్కపోరాదుండ్రి."

గదిలో ఒక్కటే బట్ట ఉంది. ఇంకో బొమ్మ లేదు. కుంచె పళ్ళెంలో పెట్టి, తలుపు తీసి, అరుగు దిగి, గోడ వెంట తిరిగి, మిరపకాయలు తొక్కకుండా కిటికీ దగ్గరికి వచ్చాను, నర్సింగమ్మ పక్కకు జరిగింది. ఊచల అవతల బట్ట వెనక భాగం. గంజి బట్ట తాగిందంతా అక్కడ తేలింది. పైన మెత్తిన మీసం ఇటు రాలేదు, కళ్ళజోడు రాలేదు, కాలరు రాలేదు, ముద్దరంగు ఏదీ రాలేదు, మొదటి పూతలో నీళ్ళలా దిగిన ముఖమే వచ్చింది, మెత్తగా, అంచులు చెదిరి, నిద్రలోంచి అప్పుడే లేచినట్టు. మచ్చ లేదు. వయసు లేదు. ఆ బుగ్గ ఎడమచేతి వైపు ఉంది.

ఆ బుగ్గ. అద్దంలో అది ఎప్పుడూ నా కుడిచేతి వైపే, కాస్త ఉబ్బి, పెదవి కొస అటు లాగి, గడ్డం గీసేటప్పుడు అడ్డం వస్తుందని విసుక్కునేవాణ్ణి, అంతకుమించి దాన్ని పట్టించుకోలేదు. అక్క ఎదురుగా కూర్చుంటే మాత్రం ఎడమచేతి వైపు ఉండేది, వేయించిన చింతగింజ బుగ్గన పెట్టుకొని నాకు లేదని నోరు తెరిచి చూపించేది, గింజ లేనప్పుడు కూడా ఆ బుగ్గ అట్లాగే ఉండేది, ఎప్పుడూ ఏదో దాచుకున్నట్టు, నేను వేలితో పొడిచేవాణ్ణి. ఇన్నేళ్ళలో ఆమె ముఖం నా దగ్గర లేదు. బొమ్మలు వేసేవాణ్ణి, ఎన్నోసార్లు వేద్దామని కూర్చున్నాను, పరికిణీ వచ్చేది, జడ వచ్చేది, ముఖం ఉండవలసిన చోట కాగితం ఉండేది. ఫోటో లేదు, మా ఇళ్ళలో ఫోటోలు ఎవరికున్నాయి. రోజూ పొద్దున్నే ఆ ముఖాన్నే సబ్బు పెట్టి గీస్తూ, అద్దంలో తిప్పి చూసుకుంటూ, పోల్చుకోలేకపోయాను. అమ్మకు తిప్పడం లేదు. అమ్మ ఎదురుగా ఉంటుంది. రెప్పలు విడిచిన రోజు వంగి చూసిందే, అప్పుడు ఆమెకు కనిపించింది మచ్చలు కాదు. అప్పుడే కాదు, ఏ పూటా కాదు. నేను తల ఎత్తినప్పుడల్లా ఆ మూలన పడుకున్న పిల్ల లేచి వచ్చి అన్నం అడిగినట్టు. పళ్ళెం చూడక ఏం చేస్తుంది. గుండీ చూడక ఏం చేస్తుంది.

"ఏమైంది సారూ, గట్లైతిరి? పానం బాగలేదా? నీళ్ళు తెద్దునా?"

"మిరపకాయల ఘాటు నర్సింగమ్మా."

"గంతేనా, నేనింకేందో అనుకుంటి. మరి పేరేంది పిల్లది?"

"రాజమణి," అన్నాను. నా నోట ఆ పేరు వినిపించి ఎంతకాలమైందో. ఆ రోజుల్లో పిలవకూడదన్నారు, తరవాత పిలవడానికి మనిషి లేదు.

గదిలోకి వచ్చి మచ్చలు పెట్టాను. రంగు ముద్దగా తీసుకొని, మొనతో అద్ది, బట్టలోకి దిగకుండా పైపైన, కన్ను కింద ఒకటి, ముక్కు పక్కన, నుదురు నిండా, గడ్డం మీద, నీడ, మెరుపు, నీడ, మెరుపు. అవి నావి. అవి ఇటే ఉండాలి, అటు పోకూడదు. అయిపోయాక చూస్తే బాగుందో లేదో తెలియలేదు కాని నేనే అది, పట్నంలో ఏ ఆవిడైనా పక్కకు తిరిగి చూస్తే పోల్చుకునేంత నేను. ఇంతకాలం కోరుకున్నది ఇదే కదా. బయట రిక్షా గంట కొట్టాడు దుర్గయ్య.

తడి అంటకుండా చట్రం అంచులు పట్టుకొని ఎక్కాను. తడి రంగు మీద బజారు దుమ్ము పడుతుందేమోనని ఒళ్ళో నిలబెట్టి, ముందు భాగం నా వైపు, వెనక భాగం బజారు వైపు. దుర్గయ్య తొక్కుతూ వెనక్కి తిరిగి, "పట్నం బస్సేనా సారూ?" అన్నాడు. "పట్నం బస్సే. చౌటుప్పల్‌ల దిగుత," అన్నాను. అన్నాకే నాకూ తెలిసింది. చౌటుప్పల్‌లో దిగి అమ్మ ఉన్న మా ఊరికి నడిస్తే మళ్ళీ పట్నం చేరేసరికి దీపాలు పెట్టి తలుపులు మూసేస్తారు, రేపు ఆ గోడ మీద ఒక జాగా ఖాళీగా ఉంటుంది, లేదా ఇంకెవరి ముఖమో పక్కకు జరిపి కప్పేస్తారు, మళ్ళీ కార్డు రాదు. తెలుసు. ముఖానికి ముఖం ఇంత దగ్గరగా పెట్టుకొని కూర్చుంటే ఏమీ కనిపించదు, రంగు వాసన తప్ప. బజారులో జనం చూస్తున్నారు, దుకాణం మెట్ల మీద కూర్చున్నవాళ్ళు తల ఎత్తి, ఎవరో ఆడపిల్ల పోతున్నదని కళ్ళు తిప్పుతున్నారు, వెనక పట్టుకున్నవాడి మీద ఎవరి కన్నూ ఆగడం లేదు.

ఎర్రమట్టి దారిన మగ్గం చప్పుడు వినిపించేదాకా నడుస్తాను. అమ్మ అరుగు మీద రాట్నం ముందు దారం కండెలు చుడుతూ ఉంటుంది, అడుగు చప్పుడు పోల్చుకొని, తల ఎత్తకుండా, వచ్చినవా బిడ్డా అంటుంది. బట్టను ఆమె ఎదుట నిలబెడతాను, నా వైపు నా మచ్చలు, ఆమె వైపు ఆమె బిడ్డ. రాట్నం ఆగుతుంది. ఎంతసేపు చూడాలనుకుంటే అంతసేపు చూస్తుంది. నేను వెనక నిలబడి, చేతులు కదపకుండా పట్టుకుంటాను.